పొట్టి సంతకం

కోర్టు నోటీసు బోర్డు మీద బావమరిది పేరు చూసినప్పటి నుంచి వకీలుకు అన్నం సహించడం లేదు.

ఇరవై రెండేళ్ల క్రితం నల్లకోటు సరిగ్గా తొడుక్కోవడం రానివాణ్ణి తన ఆఫీసులో కూర్చోబెట్టుకున్నది తనే. పిటిషన్ రాయడం నేర్పిందీ తనే. ఇప్పుడు స్థానిక కోర్టు జడ్జి పదవికి వాణ్ణి ప్రతిపాదించారు. తనకేమో వరండాలో ‘వాయిదాల వకీలు’ అన్న బిరుదు మిగిలింది.

“మా తమ్ముడు బెంచీ ఎక్కితే మీరు లేచి వంగి దండం పెట్టాలి, తెలుసా?” అంది భార్య నవ్వుతూ.

“ముందు ఎక్కనీ.”

“మీ మొహం చూస్తే వాణ్ణి జైలుకు పంపుతున్నట్టుంది!”

అభ్యంతరాలకు గడువు ఆ సాయంత్రం అయిదింటిదాకా. సంతకం లేని కాగితం తీసుకోరు. సంతకం చేసినవాడి పేరు బయటపెట్టరు. ఆ రెండో మాటే అతనికి నచ్చింది.

పదకొండేళ్ల క్రితం ఒక దర్జీ కేసులో అప్పీలు ఒక్కరోజు ఆలస్యంగా పడింది. పాపం, దర్జీ ఇల్లు పోయింది. నిండు కోర్టులో జడ్జి బావమరిదిని దులిపేశాడు. ఆ కథను వకీలు వందసార్లు చెప్పి ఉంటాడు, ప్రతిసారీ కాస్త ఉప్పూ కారం జల్లి.

ఆఫీసులో ఇద్దరికీ ఒకటే డైరీ. కోర్టు నుంచి ఎవరొస్తే వాళ్లు గడువు తేదీ రాసి, పక్కన పొట్టి సంతకం గీకాలి. ఆ పద్ధతి పెట్టింది వకీలే. తన దగ్గరా బావమరిది దగ్గరా తప్ప తాళంచెవి లేని బీరువాలోంచి పాత డైరీ లాగాడు. కేసు నంబరు దొరికింది. తేదీ ఒకరోజు తప్పు! అతని గుండె గంతేసింది. ఇంకేమీ చూడకుండా పేజీ జిరాక్స్ తీయించి, అభ్యంతరానికి జతచేసి, అయిదుకు పది నిమిషాలుండగా జడ్జీల ఎంపిక కమిటీ ఆఫీసులో ఇచ్చేశాడు.

నాలుగో రోజున కమిటీ కార్యదర్శి పిలిపించింది.

“ఈ డైరీ పేజీ చూపించి మీ బావమరిదిని అడిగామండీ. ‘తప్పు మా ఆఫీసుది. కోర్టులో నిలబడింది నేను. బాధ్యత నాదే’ అన్నారు. అంతకుమించి నోరు విప్పలేదు.”

“చూశారా! ఒప్పుకున్నాడు!”

“మరి తేదీ పక్కన ఈ పొట్టి సంతకం ఎవరిది?”

ఆమె జిరాక్స్ పక్కనే అతని అభ్యంతర పత్రం పెట్టింది. రెండింటిలోనూ అదే వంకర, అదే తేలుకొండి లాంటి తోక.

వకీలు రెండు కాగితాలనూ మార్చి మార్చి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ తేదీ రాసింది తను. “మీరు రావద్దు బావా, తిట్లేగా, నేను తినొస్తాను” అని కోర్టుకు వెళ్లింది వాడు. చెప్పగా చెప్పగా తన తప్పు వాడిదైపోయింది. చివరికి తనే నమ్మేశాడు.

“మీ అభ్యంతరం బాగా పనికొచ్చిందండీ,” అంది కార్యదర్శి ఫైలు మూస్తూ. “అతని గురించి ఇంతకంటే మంచి మాట ఇందులో ఇంకోటి లేదు.”

ఆఫీసుకు వచ్చేసరికి బావమరిది తన బల్ల ఖాళీ చేస్తున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి వకీలు ముందు పెట్టాడు.

“డైరీల బీరువాది, బావా. ఉన్నవి రెండే కదా. ఇక రెండూ మీ దగ్గరే ఉండనివ్వండి.”

అంతే. ఒక్క తిట్టూ లేదు, ఎత్తిపొడుపూ లేదు.

వకీలు తాళంచెవి అందుకున్నాడు. సిగ్గుతో తల వాలిపోయింది. అయినా కడుపులో మంట చల్లారలేదు. ఈ మంచితనం కూడా వాడికే దక్కింది కదా అని మరింత రగిలింది.