కొలిమి చివరి శబ్దం

దొంగ అన్న మాట నోట్లోంచి ఊడిపడ్డాక దాన్ని వెనక్కి మింగడం ఎవరి తరమూ కాదు. టైర్ల షాపు ముందు నడివీధిలో నిలబడి పాముచెవి ఆ మాట అన్నాడు. అన్నది ఎవర్నో కాదు, చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన రికార్డులాయన్ని.

"దొంగ సరుకు అంటగట్టావురా నాకు! నాకే!"

టైర్లకి గాలి కొడుతున్నవాడు గాలి కొట్టడం ఆపేశాడు. ఆ షాపు మేడ మీద పాత పాటల రికార్డులు అమ్ముకునే రికార్డులాయన, మెట్ల మీద ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అతను తిరిగి తిడతాడనీ, కనీసం చొక్కా పట్టుకుంటాడనీ అందరూ అనుకున్నారు. అతను మాత్రం, "ఆ రికార్డు ఇచ్చెయ్యిరా, ఇంకోటి తెప్పిస్తాను. ఈ గొడవ వద్దు," అన్నాడు.

తప్పు చెయ్యనివాడు ఎందుకు తగ్గుతాడు? పాముచెవికి ఆ తగ్గడమే సాక్ష్యంగా కనబడింది.

ఇంతకీ గొడవ దేనికంటే, హెవీ మెటల్ అనే హోరు సంగీతపు ఆల్బముల్లోకెల్లా గొప్పది ఏది అన్న దాని గురించి. నవ్వకండి. ఆస్తుల కోసం కొట్టుకునేవాళ్ళు ఎప్పటికైనా రాజీ పడతారు గానీ ఈ జబ్బు పట్టినవాళ్ళు పడరు. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి రికార్డులాయన మేడ మీద వీళ్ళంతా చేరేవాళ్ళు. ఆల్బములకి వీళ్ళు పెట్టుకున్న ముద్దుపేర్లే వేరు. పాముచెవి పక్షం 'కొలిమి'. ఆయన బావమరిది పళ్ళడాక్టరు పక్షం 'పిడుగుల పెళ్ళి'. రోజంతా జనం నోళ్ళు తెరిపించే ఆ పెద్దమనిషి ఇక్కడికొస్తే తన నోరు ముయ్యడు. ఎవరికి వాళ్ళు తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు.

ఆ మేడ మీద ఒకటే చట్టం: విన్నదే సాక్ష్యం. పుస్తకాల్లో చదివింది, ఎవరో చెప్పింది చెల్లదు. ఒక పాటలో ఫలానా శబ్దం ఉందని ఎవరైనా అంటే, రికార్డు పెట్టి అందరూ కళ్ళు మూసుకోవాలి. వినిపించినవాళ్ళు చెయ్యెత్తాలి. వెనకటికి పళ్ళడాక్టరు పక్కవాళ్ళ చేతులు చూసి తన చెయ్యి ఎత్తేవాడు, అందుకని కళ్ళు మూసుకోవడం అన్నది పుట్టింది.

పాముచెవికి ఆ పేరు ఊరికే రాలేదు. హాళ్ళలో కచేరీలకీ, సభలకీ మైకులు సర్దడం, మిక్సర్ దగ్గర కూర్చుని శబ్దాల హెచ్చుతగ్గులు సరిచెయ్యడం ఆయన పని. పది స్పీకర్లు వరసగా పెడితే ఏది గురగురమంటోందో గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. చెవే ఆయన అన్నం, చెవే ఆయన పరువు. 'కొలిమి'ని నెత్తిన పెట్టుకోవడానికి కారణం కూడా ఆ చెవే. ఆఖరి పాటలో గిటార్లూ, డ్రమ్ములూ, గొంతు చించుకునే గాయకుడూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తారు. అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగాక, డ్రమ్ములాయన పళ్ళెంలాంటి ఇత్తడి తాళాన్ని పుల్ల కొసతో ఒక్కసారి తాకుతాడు. సన్నగా, టింగ్ మని. అంతే. ఆ ఒక్క టింగ్ కోసం మిగతా ఆల్బములన్నీ దిగదుడుపే అని ఆయన వాదన.

ఆయన పాత రికార్డు ఇల్లు మారినప్పుడు పగిలిపోయింది. రికార్డులాయన కొత్తగా అచ్చయినది తెప్పించి ఇచ్చాడు. ఇంట్లో పెట్టి వింటే, హోరు ఆగింది. టింగ్ లేదు. మళ్ళీ పెట్టాడు, లేదు. ఎవడో దొంగచాటుగా అచ్చేసి చివరి ముక్క కోసేశాడన్నమాట! ఆ కోపంతోనే వీధిలోకి వచ్చి పడ్డాడు.

"ఆదివారం అందరి ముందూ తేల్చుకుందాం," అని అరిచాడు. "ఆ శబ్దం ఇందులో ఉంటే నా చెవులు పనికిరానివని ఒప్పుకుంటాను. జన్మలో మిక్సర్ ముట్టను!"

కూతురు చెయ్యి పట్టుకుని లాగింది. ఆ అమ్మాయి తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. ఆయన మిక్సర్ దగ్గర కూర్చుంటే వైర్లు లాగేది, ఆయన లేచాక అన్నీ సరిచూసేది. "అంత మాట ఎందుకు నాన్నా?" అంది. ఆ పిల్ల గొంతు వణికింది. తండ్రి పరువు గురించి భయపడుతోంది కాబోలనుకుని ఆయన మురిసిపోయాడు కూడా.

ఆదివారం వచ్చింది. రికార్డులాయన ఎవరి ముఖమూ చూడకుండా రికార్డు తుడిచి ప్లేయర్ మీద పెట్టాడు. నలుగురూ కళ్ళు మూసుకున్నారు. పాట మొదలైంది, ముదిరింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఉన్నట్టుండి ఆగింది.

పాముచెవి ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు. శుభ్రంగా ఏమీ లేదు. గెలిచానన్న సంతోషం ఒకవైపు, స్నేహితుడు నిజంగానే మోసం చేశాడన్న బాధ ఒకవైపు ఉండగా కళ్ళు తెరిచాడు.

మూడు చేతులు పైకి లేచి ఉన్నాయి.

రికార్డులాయన చెయ్యి ఉంది. కూతురి చెయ్యి ఉంది. వాళ్ళని పక్కన పెట్టినా, ఇన్నేళ్ళలో 'కొలిమి'కి అనుకూలంగా చిటికెన వేలు కూడా కదపని బావమరిది చెయ్యి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, బళ్ళో పిల్లాడిలా నిటారుగా ఎత్తి పట్టుకున్నాడు.

"ఏమిటిది?" అన్నాడు పాముచెవి.

పళ్ళడాక్టరు కళ్ళు తెరిచి, ఎత్తని ఆ ఒక్క చెయ్యీ ఎవరిదో చూశాడు. అతని నోరు మొదటిసారి తనంతట తనే మూతపడింది.

"బావా... నీకు వినబడలేదా?"

"అందరూ కూడబలుక్కుని నా చెవిలో పువ్వు పెడుతున్నారా?" పాముచెవి లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, నీ పాతది తియ్యి. మనం కుర్రతనంలో విన్నది. అది పెట్టు!"

"వద్దురా," అన్నాడు రికార్డులాయన. "అది అరిగిపోయింది. ఇక్కడితో వదిలెయ్."

"పెట్టమన్నానా!"

కూతురు లేచి వెళ్ళి అరలోంచి పాత రికార్డు తీసింది. తనే పెట్టింది, తనే ప్లేయర్ పక్కన నిలబడింది. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. పాత రికార్డు గరగరల మధ్య అదే హోరు, అదే అరుపు. ఆగింది. అప్పుడు వినిపించింది! సన్నగా, చల్లగా, ఎప్పటిలాగే. టింగ్! పాముచెవి చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"అదిగో! చూశారా! ఇందులో ఉంది! అదిగో!"

ఆయన కళ్ళు తెరిచాడు. గదిలో లేచి ఉన్నది తన చెయ్యి ఒక్కటే. ప్లేయర్ పక్కన కూతురు నిలబడి ఉంది. హోరు ఆగగానే ముల్లు పైకి ఎత్తేసింది. దాన్ని ఇంకా వేళ్ళతో గాల్లోనే పట్టుకుని ఏడుస్తోంది.

రికార్డులాయన కూడా అదిరిపడ్డాడు. "ఎంత పని చేశావమ్మా!"

"ఏం చెయ్యను బాబాయ్? నా మాట వినరు, నీ మాట వినరు. ఆయన చెవి మాటే వింటారు." తండ్రి వైపు తిరిగింది. "నువ్వు విన్నది రికార్డులోది కాదు నాన్నా. నీకు గుర్తున్నది."

పాముచెవి తన చెయ్యి వంక చూసుకున్నాడు. లేని శబ్దాన్ని ఇంత స్పష్టంగా ఎలా విన్నాడు? ఎత్తిన చెయ్యి దించాలన్న సంగతి కూడా తోచలేదు. బావమరిదే మెల్లగా పట్టుకుని కిందికి దించాడు.

"హాల్లో కూడా ఇంతే నాన్నా," అంది కూతురు. "నీకు సన్న శబ్దాలు అందక ట్రెబుల్ మీట పెంచేస్తున్నావు. నువ్వు లేచాక నేను తగ్గిస్తున్నాను."

"ఎంత తగ్గిస్తున్నావు?" అన్నాడు. ఆ స్థితిలో కూడా పనివాడు పనివాడే.

ఆ అమ్మాయి గాల్లో మీట తిప్పి చూపించింది. తిప్పుతూనే ఉంది. ఆ మణికట్టు అంత దూరం తిరగడం ఆయన చివరిదాకా చూశాడు. కచేరీ అయ్యాక జనం వచ్చి చేతులు పట్టుకుని మెచ్చుకున్నదంతా ఈ పిల్ల పనేనన్నమాట.

ఆయన రికార్డులాయన వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

"మొన్న హాల్లో ముందు వరసలో కూర్చున్నాను. ఆరోజు పాప రావడం ఆలస్యమైంది. అది వచ్చేదాకా చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది. తర్వాత దాన్ని అడిగితే చెప్పింది."

"మరి నడివీధిలో దొంగ అంటే ఎందుకు పడ్డావురా?"

"కాదని చెప్పాలంటే నీకు చెవుడొచ్చిందని చెప్పాలి కదరా, ఆ వీధిలోనే." రికార్డులాయన పాత రికార్డుని కవరులోకి తోశాడు. "నేను దొంగనైతే పోయేదేముంది? ఈ పిచ్చి పట్టినవాళ్ళు దొంగ దగ్గరైనా కొంటారు."

పాముచెవి గబగబా మెట్లు దిగాడు. పడిపోతాడేమోనని ముగ్గురూ వెంటపడ్డారు. ఆయన టైర్ల షాపు ముందుకు వెళ్ళి, ఆవేళ తిట్టినప్పటిలాగే నడివీధిలో నిలబడ్డాడు.

"వీడు దొంగ కాదు!" అని అరిచాడు. "రికార్డు మంచిదే. నాకే చెవుడు!"

ఎదురింటి వాళ్ళు కిటికీలు తీసి చూశారు. సైకిల్ మీద పోయేవాడు దిగి నిలబడ్డాడు. రికార్డులాయన వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కిందే నిలబడి, ఆయన కూతురితో అన్నాడు, "రేపు మిక్సర్ దగ్గర నువ్వు కూర్చో. వైర్లు నేను లాగుతాను."

ఆ అమ్మాయి తల వంచుకుని ఏదో అంది. పెదవులు కదలడం కనిపించింది గానీ మాట అందలేదు. ఇదివరకైతే అందినట్టు తల ఊపి ఊరుకునేవాడు. ఆయన ఒక అడుగు ముందుకు వేసి, అందరి ముందూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వంగాడు.

"కాస్త గట్టిగా చెప్పమ్మా."