నీలవేణి మణికట్టు కింద

నేను ఒక టచ్‌ప్యాడ్‌ని. లాప్‌టాప్‌లో అక్షరాల మీటలకు దిగువన, అరచేతిలో సగమంత ఉండే నున్నటి పలకను. నా మీద వేలు జరిపితే తెర మీద బాణం గుర్తు జరుగుతుంది. తడితే బాణం ఉన్న చోటు తెరుచుకుంటుంది. ఫ్యాక్టరీలో నన్ను బిగించే ముందు ఒక రబ్బరు వేలు నన్ను అడ్డంగా, నిలువుగా, మెల్లగా, ఇంకా మెల్లగా తాకి చూసింది. నేను ఒక్కసారి కూడా తప్పలేదు. చర్మం ఎంత తేలిగ్గా తగిలినా పసిగడతాను. ఆ గర్వం నాకు పుట్టుకతోనే వచ్చింది.

నా మొదటి యజమాని భాస్కర్‌కు మండల కేంద్రంలో ఫ్లెక్సీల షాపు ఉండేది. పుట్టినరోజు ఒకరిదైతే ఫ్లెక్సీ నిండా ఫోటోలు వీధిలో అందరివీ. ఒక్కొక్కరూ వచ్చి భాస్కర్ పక్కన కూర్చునేవారు. "అన్నా, నా ముఖం జర పెద్దగ చెయ్యే. గాయినకంటె చిన్నగ కనబడితె ఇజ్జత్ పోతది" అని బతిమాలేవారు. భాస్కర్ వేలు నా మీద కదిలేది. ఆ ముఖం పెరిగేది. ఆ ఊరి పెద్దమనుషులంతా నా మీదుగానే పెద్దవాళ్లయ్యారని నాలో నేను మురిసిపోయేదాన్ని.

షాపులోకి పెద్ద కంప్యూటర్ వచ్చాక మా లాప్‌టాప్ పక్క ఊళ్లో బీడీలు చుట్టే రాజవ్వ ఇంటికి చేరింది. రాజవ్వ కూతురు నీలవేణి పదో తరగతి. ఆ అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను లాప్‌టాప్‌లో వేయించుకుంది. ఇక ఏ పనైనా మీటలతోనే. చెవితో వినడం, వేళ్లతో నొక్కడం. బాణం గుర్తుతో ఆమెకు పనే లేదు. అంటే నాతో పనే లేదు.

నేను చిన్నబుచ్చుకున్నాను. అంతమంది ముఖాలు మోసినదాన్ని, ఇక్కడ ఊరికే పడి ఉండాలా?

కానీ నీలవేణి వేళ్లు రాకపోయినా, ఆమె మణికట్టు వచ్చింది. చిన్నప్పుడు ఆమె బ్రెయిలీ పలక మీద రాయడం నేర్చుకుంది. సూదితో ఒక్కో చుక్కా పొడిచేటప్పుడు కాగితం జరగకుండా అరచేతి మడమతో అదిమి పట్టాలి. ఆ అలవాటు చేతిలోనే ఉండిపోయింది. టైపు చేస్తున్నప్పుడు కూడా ఆమె చేయి కిందికి దిగి సరిగ్గా నా మీద ఆనేది. తాకిడి కోసం ఎదురుచూస్తున్న నేను వెంటనే పలికేదాన్ని. అక్షరాలు పడే చోటు ఎగిరి బాణం ఉన్న దగ్గరికి పోయేది. నా పని నేను ఎంత బాగా చేస్తే ఆమె పని అంత చెడేది.

పబ్లిక్ పరీక్ష తానే టైపు చేసి రాసుకోవడానికి నీలవేణికి అనుమతి వచ్చింది. ఆమెకు అది ఎంత అవసరమో నాకు తెలుసు. అంతకుముందు పరీక్షలకు కింది తరగతి పిల్ల ఒకతె పక్కన కూర్చుని ఆమె బదులు రాసేది. నీలవేణి నాలుగు మాటలు చెబితే ఆ పిల్ల రెండు రాసేది. "నేను చెప్పింది అది కాదు" అనడానికి నీలవేణికి నోరు వచ్చేది కాదు. ఇంటికొచ్చి తల్లితో మాత్రం అనేది: "మార్కులొచ్చినయమ్మా. కని అవి నా మాటలు కావు."

పరీక్షకు ముందు బడిలో ఒకసారి రాసి చూపించమన్నారు హెడ్మాస్టర్ కుముదిని మేడం. నీలవేణి గోదావరి గురించి, ఓటు హక్కు గురించి రాసింది. మేడం తెర చూసి పైకి చదివారు. "పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరుడు తూర్పుకు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది ఓటు వేయవచ్చు." తరగతి అంతా పగలబడి నవ్వింది. మేడం కూడా నవ్వారు. తరవాత నీలవేణి ముఖం చూసి ఆగిపోయారు.

"ఇట్లయితె ఎట్లనమ్మా? ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడు గూడ గిట్లనే అయితె రాసే పిల్లనే పెట్టుకుందాం."

కంప్యూటర్ చెప్పే రఘోత్తం సార్ లాప్‌టాప్‌ను ఆపి తెరిచారు, సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశారు. చివరికి నా మీద వేలు జరిపారు. బాణం చక్కగా కదిలింది. "మంచిగనే ఉన్నది గద! నువ్వే భయంల ఏదో నొక్కినవ్" అన్నారు. చూపున్నవాళ్లకు నేను బాగుంటే లాప్‌టాప్ బాగున్నట్టే.

ఆదివారం పొద్దున, బీడీలు చుడుతున్న అమ్మ పక్కన కూర్చుని, తప్పు ఎక్కడుందో నీలవేణి తానే వెతకడం మొదలుపెట్టింది. చేయి పైకెత్తి టైపు చేసింది. వాక్యం సాఫీగా సాగింది. చేయి ఆనించింది. స్క్రీన్ రీడర్ ఉన్నట్టుండి ఎక్కడిదో చదివింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ ఆనించింది. తరవాత ఒక వేలు మెల్లగా నా మీద పెట్టి జరిపింది. వేలు పోయిన దారిలో ఉన్న పేర్లన్నీ స్క్రీన్ రీడర్ వరసగా చదివింది.

"నువ్వేనా!" అంది నీలవేణి.

ఆ ఇంట్లో నన్ను ఎవరైనా పలకరించడం అదే మొదటిసారి.

నన్ను ఆపే మీట పై వరసలో ఎక్కడో ఉందని ఆమె విన్నది కానీ ఏదో తెలియదు. మూలనున్న మీటతో కలిపి ఒక్కోటీ నొక్కుతూ పోయింది. ఒకదానికి రాజవ్వ చేతిలో తునికాకు జారిపోయింది. "బిడ్డా, తెర నల్లగైంది! ఖరాబు చేసినవే!"

"నాకెప్పుడూ నల్లగనే ఉంటది గదనే. మాట వస్తది, ఉండు."

ఇంకో మీటకు ఆ మాట కూడా ఆగింది. ఈసారి భయం కూతురి వంతు. అదే మీట మళ్లీ నొక్కి ఊపిరి పీల్చుకుంది. ఆ తరవాతి మీట నొక్కి నా మీద వేలు జరిపింది. నేను పలకలేదు. మళ్లీ జరిపింది. నిశ్శబ్దం. నేను ఆగినట్టు తెర మీద ఒక చిన్న బొమ్మ మాత్రం కనిపించి పోయింది, స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. అందుకే నీలవేణి తన పరీక్ష తానే కనిపెట్టుకుంది: వేలు జరపాలి, మాట వస్తే నేను మేలుకున్నట్టు, రాకపోతే ఆగినట్టు.

రెండోసారి రాసే రోజు వచ్చింది. మేడం ఎదుట లాప్‌టాప్ పెట్టారు. రఘోత్తం సార్ మంచి మనసుతోనే ముందుగా ఒకసారి చూశారు. బాణం కదలలేదు. "అరె, ఇది పనిచేస్తలేదు" అని మీట నొక్కి నన్ను లేపారు. "బాగు చేసిన, కూసో."

నీలవేణి కూర్చుంది. నా మీద వేలు జరిపింది. స్క్రీన్ రీడర్ మాట్లాడింది.

ఆమె వేలు నా మీదే ఆగిపోయింది. గది నిండా పిల్లలు, ఎదురుగా మేడం, పక్కన సార్. నాకు గొంతు లేదు. ఉన్న గొంతు ఆమెదే.

"సార్... అది చెడిపోలే. నేనే బందు చేసిన."

"ఎందుకే? మంచిగున్నదాన్ని?"

"నా చెయ్యి తాకితె రాసేది ఎటో పోతది సార్. అందుకే."

సార్ ఆమె చేతినీ నన్నూ మార్చి మార్చి చూశారు. "మరి ముందుగాల చెప్పద్దా?"

"ఇప్పుడు చెప్పిన గద సార్."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సార్ కూడా నవ్వేశారు. నీలవేణి మీట నొక్కి, వేలు జరిపి, మాట రాలేదని నిశ్చయించుకుని మొదలుపెట్టింది. ఆమె మణికట్టు ఎప్పటిలాగే నా మీద ఆనింది. బరువంతా నాకు తెలుస్తూనే ఉంది. నేను కదలలేదు. గోదావరి తన దారిన సముద్రంలో కలిసింది, పౌరులు ఓట్లు వేశారు. మేడం చివరి దాకా చదివి, "రాసే పిల్ల అక్కర్లేదు" అన్నారు.

పబ్లిక్ పరీక్ష కూడా అలాగే రాసింది. ఒక్క మాట కూడా మరొకరిది కాదు.

ఈ మధ్య రాజవ్వ చీర కొంగుతో నన్ను తుడుస్తూ అడిగింది, "ఇది ఇప్పుడు పనిచేస్తదా, చెయ్యదా?"

"చేస్తది, అమ్మా. నేను చెయ్యమన్నప్పుడు."

ఫ్లెక్సీల మీద నేను పెంచిన ముఖాలన్నీ ఎండకు వెలిసిపోయి ఉంటాయి. నా గొప్ప ఏమిటని అడిగితే మాత్రం నేను నీలవేణి చేతి కింద ఊరికే ఉన్న ఆ పరీక్ష ఉదయాల గురించే చెబుతాను.