ఒప్పందంలో లేని ప్రశ్న

ఆ ఇంట్లో గాలి ఫిల్టర్లు కడగడం కోడలి పని. కిటికీలు తెరవడానికి వీల్లేని ఊరది. గాజు గుమ్మటం బయట ఎర్రటి దుమ్ము తప్ప పీల్చుకోవడానికి ఏమీ లేదు. ఆ దుమ్మే ఎలాగో లోపలికి దూరి ప్రతి గదిలోనూ ఫిల్టర్లకి మేట వేస్తుంది. రోజూ పొద్దున్నే వాటిని ఊడదీసి, చెంబెడు నీళ్ళతోనే అన్నిటినీ కడగాలి. అత్తగారు వెనకే నిలబడి, "నీళ్ళూరి పిల్లవి, నీకు చెయ్యి జారుడెక్కువ," అనేది. డబ్బుని నీళ్ళలా ఖర్చుపెడుతున్నారని ఆ ఊళ్ళో ఎవరూ అనరు. అక్కడ డబ్బుకన్నా నీళ్ళే ప్రియం.

పెళ్ళికి ముందు ఆమె మంచు గనుల ఊళ్ళో నీటి పంపుల ఇంజనీరు. అక్కడ నీళ్ళున్నాయి, గాలి లేదు. ఇక్కడ గాలి తయారవుతుంది, నీళ్ళు లేవు. కొట్టుకుని కొట్టుకుని, రెండువైపులా మనుషులు పోయాక, పెద్దలు ఒక ఒప్పందానికి వచ్చారు. వాళ్ళ నాయకుడి కూతుర్ని వీళ్ళ నాయకుడి కొడుక్కి ఇవ్వాలి. కాపురం నిలిచినంత కాలం గొట్టాల్లో అటు గాలి, ఇటు నీళ్ళు. "నీ చేతిలో రెండూళ్ళ ప్రాణాలున్నాయమ్మా," అని తండ్రి సాగనంపాడు. ఆ చేతికి ఇక్కడ చీపురు ఇచ్చారు. పంపుల దగ్గర పని ఇప్పించమని అడిగితే మామగారు నవ్వి, అంతకన్నా పెద్ద ఉద్యోగంలోనే ఉన్నావు కదమ్మా అన్నాడు.

మొగుడు గాలి ప్లాంటులో మరమ్మతులు చేసేవాడు. మాటలు తక్కువ. మొదటి రోజే, తననీ ఎవరూ అడగలేదని చెప్పి, చాప చంకన పెట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. చాలాకాలం ఇద్దరూ ఒకే సత్రంలో దిగిన బాటసారుల్లా ఉన్నారు. ఆమె గోడకి చెవి ఆనించి నిలబడటం అతనెప్పుడు చూశాడో తెలీదు. ఒక సెలవు రోజు మంచాన్ని ఈడ్చుకెళ్ళి నీటి గొట్టం వెళ్ళే గోడకి చేర్చాడు. అక్కడ పడుకుంటే నీళ్ళ చప్పుడు వినపడుతుంది, పుట్టింట్లోలాగే. ఎందుకు జరిపావని తల్లి అడిగితే, ఇటు గాలి బాగా తగులుతోందని అబద్ధమాడాడు. అదీ సరిగ్గా రాదు అతనికి, చెవులు ఎర్రబడ్డాయి. చూసి ఆమెకి నవ్వొచ్చింది. ఆ తర్వాత ముందుగదిలో చాప పరవలేదు. సాయంత్రాలు అతని బూట్ల చప్పుడు కోసం ఎదురుచూస్తున్నానని తెలిసినప్పుడు, ఆమెకి సంతోషంకన్నా ముందు భయమేసింది. ఇది ప్రేమేనా, లేక వేరే దారి లేనివాళ్ళు మనసుకి చెప్పుకునే సర్దుబాటా?

ఆలుమగల కయ్యం అద్దం మీద పెసరగింజ అంటారు. వీళ్ళకి ఆ భాగ్యం కూడా లేదు. ఒకసారి పని బట్టలు ఉతకలేదని అతను విసుక్కుంటే ఆమె అలిగి అన్నం మానేసింది. మర్నాడే తెరమీద తండ్రి మొహం. "ఏదో గొడవట కదా. ఇక్కడ గాలి తగ్గించారు తల్లీ. పసిపిల్లలు ఆయాసపడుతున్నారు. సర్దుకో." ఆ కబురు గడప దాటించింది అత్తగారేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అప్పటినుంచి కోపం వస్తే నవ్వడం నేర్చుకుంది. అది చూసి మొగుడు మురిసిపోయేవాడు. రానురాను నిజంగా నవ్విన నవ్వుల మీద కూడా ఆమెకి నమ్మకం పోయింది.

ఒప్పందం తిరగరాసే సమయం వచ్చింది. ఆమె వడ్డిస్తుండగా మామగారు, ఈసారి బిడ్డ సంగతి కూడా చేర్చాం, ఏడాది తిరక్కుండా కలగాలి అన్నాడు, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా. ఆమె మొగుడి వైపు చూసింది. అతను కంచంలోకి చూస్తున్నాడు.

గదిలోకి వచ్చాక, మాట్లాడలేదేమని అడిగింది.

"మాట్లాడితే గొడవవుతుంది. గొడవైతే మీవాళ్ళకి గాలి కట్టేస్తారు. నీకోసమే ఊరుకున్నాను."

"అందరూ నాకోసమే ఊరుకుంటారు," అందామె. ఎప్పుడూ మీరు అనేది, ఆ రోజు నువ్వు అంది. "నువ్వంటే నాకిష్టం. కానీ ఆ ఇష్టం మీద రెండూళ్ళు ఎక్కి కూర్చుంటే, అది ఇష్టమో బరువో నాకెలా తెలుస్తుంది?"



ఒప్పందం చెల్లాలంటే రెండూళ్ళ పెద్దల సభలో దంపతులిద్దరూ పలక మీద అరచెయ్యి ఆనించాలి. ముందు ఆమె వంతు. ఆమె చెయ్యి చాపలేదు. ఇందులోంచి పెళ్ళి మాటా బిడ్డ మాటా తీసేయమంది. నీళ్ళ వాల్వు దగ్గర ఈ ఊరి మనుషుల్నీ, గాలి వాల్వు దగ్గర ఆ ఊరి మనుషుల్నీ కూర్చోబెట్టండి, ఎవరి గొంతూ ఎవరూ నొక్కలేరు, దానికి ఇంజనీర్లు చాలు, కోడలు అక్కర్లేదు అంది.

ఎదురు వరసలో ఉన్న తండ్రి తల దించుకున్నాడు. మామగారు కొడుకు వైపు తిరిగి, "నీ పెళ్ళానికి చెప్పు," అన్నాడు.

అతను లేచి నిలబడటానికి కాస్త సమయం పట్టింది. "నేనూ చెయ్యి పెట్టను నాన్నా."

పెద్దలు సాయంత్రందాకా బెదిరించారు, బతిమాలారు. ఆ రెండు చేతులూ పడకపోతే గొట్టాలు తెరుచుకోవు. ఊపిరీ దాహమూ రెండూళ్ళకీ ఉన్నవే కాబట్టి, చివరికి ఆమె మాటకి ఒప్పుకోక తప్పలేదు.

ఇంటికొచ్చాక అతను గది గుమ్మంలోనే ఆగిపోయాడు, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు.

"ఇప్పుడు నువ్వు వెళ్ళిపోయినా ఎవరికీ ఏమీ కాదు," అన్నాడు. "ఉంటావా?"

ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ ఆమెని ఎవరూ అడగలేదు. ఔననే మాట పెదాలదాకా వచ్చింది. అక్కడే ఆపుకుంది.

"ఆలోచించుకుని చెప్తాను," అంది.