నాన్న దెబ్బ

మా నాన్న ఇరేయిని కొడుతుంటే చూసి నేను కుళ్లుకునేదాన్ని. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. కానీ మా ఊరు ఇతోమాన్‌లో ఆయన నడిపే కరాటే బడిలో పూర్తి బలంతో దెబ్బ తినడమంటే మాటలు కాదు. తట్టుకుంటారన్న నమ్మకం ఉన్నవాళ్లకే కవచం తొడిగించి, తానే ఎదురు నిలబడతారు. ఇరేయి నాకంటే చిన్నపిల్ల, బడిలో చేరి ఏడాది కూడా కాలేదు. నేను నడక నేర్చిందే ఆ చెక్కనేల మీద. నాతో తలపడితే మాత్రం ఆయన పిడికిలి నా బట్టలకు తగిలీ తగలక ఆగిపోతుంది.

"నన్నెందుకు కొట్టవు?" అని భోజనాల దగ్గర అడిగేశాను.

నాన్న కాకరకాయ వేపుడు నా గిన్నెలోకి తోశారు. "తిను ముందు. నువ్వు ఒక్కదానివే గాల్లోకి గుద్దులు విసురుతూ కటా చేస్తుంటే ముచ్చటేస్తుందే. అది చాల్లే."

ముచ్చటట! బొమ్మనా నేను?

ఆ ఆదివారం మళ్లీ ఇరేయి వంతే. కవచం, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ తొడుక్కుని వచ్చింది.

"మిసావో, నువ్వు రిఫరీ. ఏ కాస్త తేడా కనిపించినా ఆపెయ్," అన్నారు నాన్న.

"అలాగే గురువుగారూ," అన్నాను పళ్లు నూరుకుంటూ. బడిలో ఆయన్ని అలాగే పిలవాలి.

"ఒళ్లంతా కమిలిపోయిందక్కా. నీ పనే హాయి," అంది ఇరేయి.

"అవును మరి, పెట్టి పుట్టాను."

మొదలైంది. నాన్న పిడికిలి కవచం మీద పడ్డప్పుడల్లా గది మోగిపోతోంది. "అదీ! నిలబడు! శభాష్!" ఆ శభాష్ వింటుంటే నా కడుపు మండిపోయింది. అప్పుడే చూశాను, ఇరేయి హెల్మెట్ వెనక ముడి వదులైంది. ఆపాలి. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఒక్కటి గట్టిగా తగలనీ, ఏడుస్తూ ఇంటికి పోనీ అనుకున్నాను.

హెల్మెట్ ఊడి నేల మీద పడింది. పిచ్చిది, తీసుకుందామని వంగింది. నాన్న అప్పటికే వీపు తిప్పి, గిర్రున తిరుగుతూ కాలు లేపారు. ఆ వట్టి తల ఆయనకు కనిపించే వీలే లేదు.

"ఆపండి!" అని అరుస్తూ దూకి ఇరేయిని పక్కకు తోసేశాను. నాన్న మడమ నా పక్కటెముకల్లో దిగింది.

కింద పడ్డాను. ఊపిరి అందలేదు. ఇరేయి నా తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చేసింది. "నా ప్రాణం కాపాడావక్కా!" ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. ముడి వదులైనప్పుడు నేనేం చేశానో దానికి తెలియదు.

నాన్న పక్కన కూలబడి నా పక్కటెముకలు తడిమారు.

"విరిగినట్టుందే... నీ గొంతు వినబడి కాలు వెనక్కి లాక్కున్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో!"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"అంటే, ఇప్పుడు కూడా నన్ను సగమే కొట్టావా నాన్నా?"