ఆర్విడ్ నింపిన తూటాలు

వెర్నా మళ్ళీ ఆ షూటింగ్ రేంజికి వచ్చేసరికి సేజ్ పొదల మీద మంచు ఇంకా కరగలేదు. అన్న నింపిన తూటాల పెట్టెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని ట్రక్కు దిగింది.

ఆగస్టులో ఇక్కడే, ఇంట్లో తన చేత్తో నింపుకున్న తూటాను పేల్చబోతే రైఫిలే పగిలి అన్న ఆర్విడ్ ప్రాణం తీసింది. జుట్టు నెరిసేదాకా అదే పని చేసిన మనిషి. తుపాకి మందులో గింజ తేడా రానిచ్చేవాడు కాదు. అందుకే ఊళ్ళో గుసగుసలు బయలుదేరాయి. "పెళ్ళాం పోయాక వాడు మనిషిలా లేడు. కావాలనే చేసుకుని ఉంటాడు" అని. ఆ మాట చలికాలమంతా ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. వంటింట్లో మూత జారిపడి ఠంగుమన్నా, రేంజిలో దూరాన గురిగా నిలబెట్టిన ఉక్కు పలక మోగినట్టు ఉలిక్కిపడేది.

రేంజి చూసుకునే వెండెల్ పెట్టెను చూసి మొహం చిట్లించాడు.

"ఒకడు నింపింది ఇంకొకడు పేల్చకూడదు. నాకు ఆ బుద్ధి నేర్పింది మీ అన్నే."

"పేల్చడానిక్కాదు. విప్పి చూద్దామని."

"సరే, ముందు కాఫీ తాగు. విషంలా ఉంటుందిలే, కాని వేడిగా ఉంది."

పెట్టెలో ఒక మూల గడి మాత్రమే ఖాళీ. ఆర్విడ్ ఎప్పుడూ ఆ మూల నుంచే వరుసగా నింపేవాడు, ఆ వరుసలోనే పేల్చేవాడు. వెండెల్ పక్క గడిలోని తూటా తీసి, గుండు ఊడదీసి, మందును తెల్లటి పళ్ళెంలో ఒంపాడు. నల్లటి సన్నని పుల్లల్లాంటి మందు. దాని నడుమ అక్కడక్కడ చదునైన బిళ్ళలు.

వెండెల్ ఒక బిళ్ళను వేలికొనతో పక్కకు లాగాడు.

"ఈ బిళ్ళలు పిస్తోలు మందు. మహా చురుకు. రైఫిల్లో దీన్ని నింపితే బాంబే. మందు కొలిచి పోసే గొట్టంలో అంతకుముందు వాడిన ఈ మందు కాస్త మిగిలిపోయి ఉంటుంది. అదంతా మొదటిదాంట్లో పడింది, అడుగూ బొడుగూ దీంట్లోకొచ్చింది."

తర్వాత విప్పిన వాటన్నిటిలోనూ నల్ల పుల్లలే, తూకం కూడా సరిగ్గా ఉంది.

"అంటే... కావాలని కాదా?"

"చావాలనుకున్నవాడు ఇన్ని తూటాలు ఇంత ముద్దుగా ఎందుకు నింపుతాడే? గొట్టం దులపడం మరిచిపోయాడు, అంతే."

"మా అన్నా? మరిచిపోవడమా?"

"ఒంటరి కొంపలో ఎవడైనా మరిచిపోతాడు, వెర్నా."

ఏడుపు వస్తుందనుకుంది. కోపం వచ్చింది. ఇంత చిన్న పొరపాటుకా! కనీసం ఒక్కటైనా అన్న అనుకున్నట్టు పేలాలని పట్టుబట్టింది. చివరి వరుసలోని తూటాను వెండెల్ తన పాత రైఫిల్లో పెట్టి, దాన్ని బల్లకు బిగించి, గోడ చాటు నుంచి ట్రిగ్గరుకు కట్టిన తాడు లాగాడు.

లోయంతా దద్దరిల్లింది. ఆ తర్వాత నిశ్శబ్దం. పలక మోత అంత దూరం నుంచి రావడానికి పట్టే ఆ కాస్త వ్యవధిలో, తన పక్కనే ఎవరో ఊపిరి బిగబట్టినట్టు వెర్నాకు స్పష్టంగా వినిపించింది. తల తిప్పలేదు. తిప్పే ధైర్యం లేకపోయింది.

ఠంగ్.

వెండెల్ ఎవరూ చెప్పకుండానే టోపీ తీసి, ఆమెకు అవతల ఉన్న ఖాళీ చోటు వంక చూశాడు. ఏం విన్నావని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం వెర్నా తిన్నగా ఊళ్ళోని హోటలుకు వెళ్ళి, గుసగుసలాడినవాళ్ళ బల్ల మధ్య పళ్ళెంలో ఆ బిళ్ళలు పోసింది.

"చూసుకోండి. రైఫిల్ మందులో పొరపాటున కలిసిన పిస్తోలు మందు ఇది. మా అన్న చచ్చిపోవాలనుకోలేదు" అంది.

ఎవరూ తల ఎత్తలేదు.