రెండు చప్పుళ్ల కోసం

అంతరిక్ష నౌక డిస్కవరీ చివరిసారి దిగుతున్న రోజు పొద్దున్నుంచీ లోర్నా టీగ్ ఒక్కచోట కూర్చోలేదు. ఫ్లోరిడాలోని టైటస్‌విల్‌లో నది ఒడ్డున జనం మడత కుర్చీలు వేసుకుని ఆకాశంలోకి చూస్తుంటే, ఆమె మాత్రం కార్ల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది.

ఆ నౌక పొట్టకు వేడిని ఆపే నల్ల పలకలు అతికించడం ఆమె పని. నౌకలన్నిటినీ ఇక ఆపేస్తున్నారు. మిగతా రెండు నౌకలు చెరో సారి ఎగరాల్సి ఉండగానే ఆమె ఉద్యోగం పోయింది. ఒకప్పుడు రన్‌వే పక్కన నిలబడి చూసిన మనిషి ఇప్పుడు అందరిలాగే అంతరిక్ష కేంద్రం గేటు బయట ఉంది.

"కాస్త కూర్చో తల్లీ, నిన్ను చూసి చూసి నా మెడ పట్టేసింది," అన్నాడు భర్త మెర్ల్.

"నిన్నెవరు చూడమన్నారు?"

"మా అన్నయ్య మళ్లీ ఫోన్ చేశాడు. ఇవాళైనా ఏదో ఒకటి చెప్పు."

మెర్ల్ కూడా ఆ కేంద్రంలోనే క్రేన్ నడుపుతాడు. నెలాఖరుకు అతని పనీ సరి. తూర్పు టెక్సస్‌లో వాళ్లన్న కలప మిల్లులో అతనికి చోటుంది. కానీ ఆ ఊరి పేరెత్తితేనే లోర్నా మాట మార్చేస్తోంది.

ఎనిమిదేళ్ల కిందట కొలంబియా నౌక ఆకాశంలోనే ముక్కలైపోయి తిరిగి రాని రోజున ఆమె రన్‌వే దగ్గరే ఉంది. నౌక దిగబోయే ముందు ఆకాశంలో జంటగా వినిపించే చప్పుళ్లు ఆ రోజు వినిపించలేదు. తర్వాత అదే తూర్పు టెక్సస్ పైన్ అడవుల్లో వందల మందితో బారుగా నడుస్తూ ముక్కలు వెతికింది. ఒకచోట రాలిన ఆకుల కింద అరచేతిలో పట్టేంత నల్ల పలక కనిపిస్తే, ముట్టుకోలేక అక్కడే చతికిలబడింది.

ఢబ్, ఢబ్!

కారు అద్దాలు అదిరాయి. జనం కేకలు వేశారు. లోర్నా బానెట్ మీద రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడిపోయింది. చాలాసేపటి తర్వాత ఓడెల్ ఫోన్ చేశాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇంకా లోపల ఉద్యోగంలో ఉన్నాడు.

"బాసూ, ఇప్పుడే పొట్ట కింద నడిచొచ్చా. పలకలన్నీ ఉన్నాయి."

"ముందు చక్రం తలుపు దగ్గర?"

"ఉన్నాయన్నాగా! నమ్మకం లేకపోతే కంచె దూకి రా."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఇప్పుడైనా వెళ్దామా?" అన్నాడు మెర్ల్ మెల్లగా.

"ఇంకా రెండు దిగాలి."

"నువ్వు చూడకపోయినా అవి దిగుతాయి."

"ఆ రోజు కూడా అలాగే అనుకున్నాం మెర్ల్."

మెర్ల్ ఏప్రిల్‌లో ఒక్కడే టెక్సస్ వెళ్లాడు. వారానికోసారి ఫోన్‌లో "నా వంట నేనే తినలేకపోతున్నా" అని గోలపెట్టేవాడు. ఆమె మాత్రం మిగతా రెండూ దిగేదాకా అక్కడే ఉంది. నౌక ఎగిరిన ప్రతిసారీ అది దిగేదాకా నిద్ర పట్టక వంటింట్లో తిరిగేది. జూలైలో చివరిది ఆగిన వారానికి ఇల్లు అద్దెకిచ్చి కారెక్కింది.

వెళ్లిన మర్నాడు, పక్కింటి వెర్నా స్ట్రౌడ్ అనే ముసలావిడ పీచ్ పళ్ల హల్వాలాంటి తీపి వంటకం పట్టుకొచ్చింది. మాటల్లో లోర్నా ఏ పని చేసేదో అడిగి, చెప్పగానే గిన్నె మెట్టు మీద పెట్టింది.

"మా గడ్డి పొలంలో కొలంబియా ముక్క ఒకటి పడిందమ్మా. మీవాళ్లు వచ్చేదాకా మా ఆయనా నేనూ వంతులేసుకుని కాపలా ఉన్నాం. వానొస్తే మా ఆయన తన కోటు కప్పాడు. ఒంటరిగా వదిలేస్తే బాగుండదని."

"ఎక్కడ?" అంది లోర్నా.

"రేపు చూపిస్తాలే. ముందు తిను, చల్లారిపోతుంది."

లోర్నా మెట్టు మీద కూర్చుంది. మెర్ల్ పని నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఇంకా అక్కడే మాట్లాడుకుంటున్నారు.