నేల తాకని గుమ్మడికాయ

శరత్తు వచ్చిందని ఆ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకాశం ఉతికి ఆరేసిన దుప్పటిలా తేటపడుతుంది. కంకులు విరిచేసిన మొక్కజొన్న చేలలో మోళ్లు మిగులుతాయి. ఎండిన తీగల నడుమ గుమ్మడికాయలు, దాగుడుమూతల్లో దొరికిపోయిన పిల్లల్లా, ఒక్కటొక్కటిగా బయటపడతాయి. అప్పుడే పెద్దమ్మ తన పాతగుడ్డల చుట్టకుదురును దులిపి, తలమీద పెట్టి సరిచూసుకుంటుంది.

ఈ ఏడు కుదురు సిద్ధంగానే ఉంది. కాలే సిద్ధంగా లేదు. పెరటి మెట్టు మీద జారి చీలమండ బెణికింది.

పెద్దమ్మ పట్టుదలంతా ఒక బాట కోసం. ఇళ్ల వెనుక మొదలై, నడిమి చేనును చీల్చుకుంటూ సాగి, వాగు ఒడ్డున ఉన్న ఉమ్మడి కొట్టాన్ని చేరే బాట అది. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నం. అలా వెళితే పావుగంట. రోడ్డు చుట్టి వెళితే గంట పైమాటే. ఏ కాగితంలోనూ దాని జాడ లేదు. దానికున్న ఆధారమల్లా ఒక మాట. కోత ముగిశాక, చేనులో మళ్లీ విత్తనం పడేలోపు, బరువు మోసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిస్తే మరో ఏడాదికి బాట బాటే. నడవకపోతే అదీ చేనే. వట్టి చేతులతో నడిస్తే షికారు. బరువును మధ్యలో నేలకు దించితే ఓటమి.

ఏడేళ్ల వయసులో నాన్న ఆమె నెత్తిన చెంబంత గుమ్మడికాయ పెట్టి, "మెడ నిలువుగా ఉంచు, నోరు మూసుకో, నడు" అన్నాడు. మెడ నిలిచింది, నడక సాగింది. నోరు మాత్రం ఈనాటికీ మూతపడలేదని ఊళ్లో వేళాకోళం. ఆ రోజుల్లో బాట మొదట్లోని అయిదిళ్లవాళ్లూ బారులు తీరేవారు. ముందు మేనమామ ఈల, వెనుక అత్తల సరసాలు, నడుమ ఎవరి కాయ దొర్లబోతే వారి మీద వరసంతా నవ్వు. తరవాత బండ్లు వచ్చాయి. రోడ్డు నున్నబడింది. ఒక్కో ఇల్లూ బాటను మరిచింది. పన్నెండు శరత్తులుగా నడుస్తున్నది పెద్దమ్మ ఒక్కతే.

రెండేళ్ల కిందట నడిమి చేను కొన్న కొత్త ఆసామి మర్యాదస్తుడే. పాతమాటకు కట్టుబడతానని నలుగురి ఎదుట ఒప్పుకున్నాడు. డెబ్బయ్యేళ్ల మనిషి ఇంకెన్నాళ్లు నడుస్తుందిలే అన్నది అతని ధీమా. కాలు బెణికిన మర్నాడే పరామర్శకు వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పెద్దమ్మగారూ, మీ కాయలన్నీ నా బండిలో నేనే కొట్టానికి చేరుస్తా. మీరున్నంత కాలం. సరేనా?"

"నీ బండికి కోపం వస్తేనో?"

"బండికి కోపమేంటండీ!"

"బండికి రాదు బాబూ, బండి గలవాడికి వస్తుంది. బాటకు ఆ జబ్బు లేదు."

ఆసామి నవ్వి లేచి వెళ్లాడు. ఆ మర్నాడు పొద్దున్నే నడిమి చేనులో ట్రాక్టరు మోగింది.

"విత్తనాల బస్తాలు కూడా దింపించాడు. దున్నడం, చల్లడం అన్నీ ఈ పూటేనట." వార్త మోసుకొచ్చింది కోడలు. ఆ మాట పూర్తికాకముందే పెద్దమ్మ కుదురు అందుకుంది.

"ఏంటత్తయ్యా అది? కాలు చూస్తే గుమ్మడికాయంత ఉంది. నెత్తిన ఇంకో గుమ్మడికాయా?"

"పైనా కిందా సమంగా ఉంటే తూకం కుదురుతుందిలే."

"ఎవరి కోసం ఈ మొండితనం? ఊళ్లో ఒక్కరు నడవరు. నేనూ నడవను."

"నిన్నెవరు నడవమన్నారు? కాయ ఎత్తిపెట్టు, చాలు."

కోడలు గొణుగుతూ కాయ ఎత్తింది. గొణుగుతూ కర్ర అందించింది. గొణుగుతూనే వెంట బయలుదేరింది.

చేను చాలావరకు దున్నేశారు. తిరగబడ్డ నల్లమట్టి నడుమ బాట మాత్రం చెక్కుచెదరక, తెల్లగా పడుకుని ఉంది. గట్టు మీద ఆసామి ట్రాక్టరు డ్రైవరు మీద విరుచుకుపడుతున్నాడు.

"ప్రతి సాలుకీ అక్కడికి రాగానే నాగలి ఎందుకెత్తావ్?"

"నేనెత్తలేదండీ. చెయ్యే ఎత్తేసింది." డ్రైవరు తన అరచేతిని తానే వింతగా చూసుకున్నాడు. "పద్దెనిమిదేళ్లుగా అదే అలవాటు. అంతకుముందు ఎడ్లతో మా నాన్నా అక్కడే ఎత్తేవాడు. మీరు చెప్పింది నాకు గుర్తుందండీ. చేతికే గుర్తులేదు."

"అయితే దానికీ గుర్తు చెయ్యి. నాగలి దించి, బాట పొడుగునా తోలు."

డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. అప్పటికే పెద్దమ్మ బాట మీద అడుగు పెట్టింది.

కాలు మోపితే చీలమండలో సూది, కాలు తీస్తే మోకాట్లో సూది. మెడ మాత్రం నిలువునా ఉంది. పచ్చిమట్టి వాసన ముక్కుకు సోకగానే, ఎప్పటిదో ఈల చెవిన పడినట్టయింది. విన్నది, ఆగలేదు. సగం దాటాక ఆ కాలు మొండికేసింది. ఎంతైనా అది ఆమె కాలే కదా. కర్ర పట్టుకుని మెల్లగా ఒరిగి, బాట నడుమ చతికిలబడింది. కర్ర ఒడిలో పెట్టుకుని, నెత్తిన కాయను రెండు చేతులా పట్టుకుంది. నాగలి ఇంకా దించకుండానే ఎదురుగా వచ్చిన ట్రాక్టరు ఆగింది.

"దించండి పెద్దమ్మగారూ, మెడ విరుగుతుంది!" ఆసామి పరుగెత్తుకొచ్చాడు. అతని కంగారు నిజమైనదే.

"దించితే నీ చేను బాబూ. దించను."

డ్రైవరు ఇంజను ఆపి, దిగి వచ్చి, తాళంచెవిని ఆసామి చేతిలో పెట్టాడు. "ఇంకొకణ్ణి చూసుకోండి. పెద్దమ్మ కూర్చున్న చోట నేను నాగలి దించను."

"సరే! దున్నకపోతే మానె. విత్తనం పడితే చాలు కదా!" ఆసామి అవతలి గట్టు మీది బస్తాల వైపు గబగబా నడిచాడు.

అప్పుడు కోడలు పెద్దమ్మ ముందు వంగింది.

"అత్తయ్యా, మోసేవాళ్లు మారితే తప్పా?"

"నేల తాకితేనే తప్పు."

"అయితే ఇటివ్వండి. కుదురుతో సహా."

తల మీంచి తల మీదికి కాయ మారింది. ఇరవయ్యేళ్లుగా ఆ బాటను వెక్కిరించిన కోడలు మెడ నిలువుగా నిలిపింది. నోరు మాత్రం మూయలేదు. "ఈవిడకు బుద్ధి లేదు, నాకు అంతకన్నా లేదు" అని చేను చేనంతా వినేలా తిట్టుకుంటూ, దూకుతున్నట్టు నడిచింది. అవతల ఆసామి బస్తా మూతి కుట్టుతో పెనుగులాడుతున్నాడు. దారం తెగింది. పిడికెడు గింజలు చేతికొచ్చాయి. చెయ్యి ఎత్తాడు.

"చేరిందత్తయ్యా!" కొట్టం గుమ్మంలోంచి కేక వినిపించింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది. అప్పటికి గట్ల మీద నలుగురూ పోగయ్యారు. ఆనాడు అతను మాట ఇచ్చింది వాళ్ల ఎదుటే. గింజలను తిరిగి బస్తాలో పోసి, బాట మీదుగా పెద్దమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఈ ఏటికి సరే. వచ్చే ఏడో?"

పెద్దమ్మ కర్ర ఊతంగా లేచింది. దూరంగా కోడలు కుదురును చేత్తో గిరగిరా తిప్పుకుంటూ తిరిగి వస్తోంది.

"కాస్త పక్కకు జరుగు బాబూ. మా కోడలు వస్తోంది, ఇంట్లో ఇంకా కాయలున్నాయి. బాటకు అడ్డంగా నిలబడ్డావు."

ఆసామి జరిగాడు. దున్నిన మట్టిలో చీలమండ దాకా దిగబడ్డాడు.